రానివాడి చోటు

ఇబ్రహీంపట్నం,
26 జనవరి 2025

తమ్ముడు దయాకర్‌కు,

మంచిర్యాలలో చలి ఎట్లా ఉందో గానీ ఇక్కడ మాత్రం నా మోకాళ్లు రోజూ కబురు చెబుతున్నాయి. మీ బావ, నేను ఉన్నాం. బాగున్నామా లేదా అనేది నువ్వు వచ్చి చూసి చెప్పాలి.

ఈ కాలంలో ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్ చేస్తే నాకు వినబడదు. చెవి మిషన్‌కు ఫోన్ ఆనిస్తే గీ మంటుంది. నువ్వేమో గొంతు పెంచవు. వాట్సాప్‌లో రాద్దామంటే నా వేలు ఒకటి నొక్కితే పక్కది పడుతుంది. అందుకే ఈ కవరు. మధ్యాహ్నం కర్రీ పాయింట్ మూశాక ఒక గంట దొరుకుతుంది. ఆ గంటలో నిద్రయినా పోవాలి, నీకయినా రాయాలి.

శేరిగూడ కాలేజీలు తెరిచారు కాబట్టి గిరాకీ బాగానే ఉంది. సాంబారులో ముక్కలు లేవని ఒకడు, ముక్కలు తప్ప ఏమీ లేదని ఇంకొకడు. ఇద్దరికీ ఒకే గిన్నెలోంచి పోశాను. మీ భవిత ఆదివారాలు హాస్టల్ నుంచి ఇక్కడికే వచ్చి తింటుంది. చిక్కిపోలేదు, నీ భార్యకు చెప్పు.

అసలు సంగతి. అవ్వ సంవత్సరికం హోలీ పున్నమి వెళ్లిన మూడో నాడు వస్తుంది. కొడుకువి, నువ్వు కూర్చోవాలి. దినాల నాడు విస్తరి ముందు నుంచి ముద్ద ముట్టకుండా లేచిపోయావు. ఆ తర్వాత ఈ గడప తొక్కలేదు. ఎందుకో నువ్వు చెప్పలేదు. అడిగే ఓపిక నాకూ లేకపోయింది. ఇప్పుడయినా సెలవు పెట్టుకుని రా.

నీ అక్క,
సునంద


మంచిర్యాల,
4 ఫిబ్రవరి 2025

అక్కా,

నీ ఉత్తరం సబ్‌స్టేషన్‌కే వచ్చింది. మా లైన్‌మెన్ కోర్టు నోటీసు అనుకుని దూరం నుంచే చేయి చాచి ఇచ్చారు. 

నేను రాను. ఎందుకో రాస్తాను, కోపం తెచ్చుకోకుండా చదువు.

పోయిన నెల భవిత సెలవులకు వచ్చి అన్నం తింటూ అడిగింది. "డాడీ, నాయనమ్మ అన్నిసార్లు పిలిస్తే నువ్వెందుకు పోలే? ఒక్కసారి పోతే ఏమాయె?" అని. నీకెవరు చెప్పారంటే, "అందరికి ఎరికే గద. అత్త ఏడ్సుకుంట చెప్పింది గద" అంది. 

నేను రాలేదా అక్కా? అవ్వ పోవడానికి ముందు రోజు, బుధవారం సాయంత్రం వచ్చాను. రాత్రి అవ్వ మంచం పక్కనే చాప వేసుకున్నాను. తెల్లవారి అవ్వే "డ్యూటీ చెడగొట్టుకోకు, పో బిడ్డా" అంది. నేను డ్యూటీ ఎక్కితే తప్ప ముందు షిఫ్ట్ ఆపరేటర్ కుర్చీ దిగలేడు, సబ్‌స్టేషన్ వదిలేసి ఎవరూ పోలేరు, అది అవ్వకు తెలుసు. బస్సు కరీంనగర్ చేరేసరికి బావ ఫోన్. అక్కడే దిగి తిరుగు బస్సు ఎక్కాను. నేను వచ్చేసరికి అవ్వను వాకిట్లో పడుకోబెట్టారు. నువ్వు తల దగ్గర కూర్చుని శోకం పెడుతున్నావు.

"బస్సు బస్సుకు లేసి జూస్తివే అవ్వా, కండ్లు కాయలు గాసెనే అవ్వా, ఒక్కగానొక్క కొడుకు రాకపాయెనే అవ్వా."

గేటు పట్టుకుని విన్నాను. నన్ను చూస్తే ఆపుతావనుకున్నాను. నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చావు.

దినాల నాడు బాలనర్సింహ మామ బంతిలో కూర్చుని, "తల్లి నోట్ల చుక్క నీళ్లు పొయ్యనోడు పిండం వెడితె ఆమెకు ముడుతదా" అన్నాడు. మేనమామ కాబట్టి అనొచ్చు అన్నట్టు అందరూ తలలు వంచుకుని తిన్నారు. నువ్వు వడ్డిస్తున్నావు. విన్నావో, వినలేదో.

బాపు పోయినప్పుడు నువ్వూ మీ అత్తగారి ఊరు మంచాల నుంచి ఆలస్యంగానే వచ్చావు కదా. ఇన్నేళ్లలో నేను ఒక్క మాట అన్నానా?

నీ తమ్ముడు,
దయాకర్


ఇబ్రహీంపట్నం,
12 ఫిబ్రవరి 2025

దయాకర్,

మామ మాట నేను వినలేదు. వింటే గరిటె అక్కడే పెట్టి అడిగేదాన్ని. నా చెవుల సంగతి తెలిసి కూడా "విన్నావో, వినలేదో" అని రాశావు. సరే.

శోకం నేను కట్టింది కాదు. చావు ఇళ్లలో శోకాలు పెట్టే అనంతమ్మ అత్త పక్కన కూర్చుని చిన్నప్పటి నుంచి విని నేర్చుకున్నది. దానికో వరుస ఉంటుంది. మొదట పోయినామె పడ్డ కష్టం, కాపురానికి వచ్చిన నాటి నుంచి. తర్వాత ఎదురుచూపు. తర్వాత ప్రాణం పోవడం. చివరికి మమ్మల్ని ఎవరికి అప్పజెప్పి పోతున్నావని అడగడం. తాలింపులో ఆవాలు చిటపటమనగానే చేయి ఎండుమిరపకాయ మీదికి పోయినట్టు, గొంతు దానంతట అదే ముందుకు పోతుంది. ఎదురుచూపు దగ్గరికి వచ్చేసరికి ఎవరో ఒకరు రాకుండా ఉండాలి. ఆ గడియకు ఇంట్లో లేనిది నువ్వొక్కడివే. ఆ చోట్లో నువ్వు పడ్డావు. నిన్ను అనాలని అన్నది కాదు. ఆ ఏడుపులో నేను ఎవరినీ ఆలోచించలేదు, అవ్వను తప్ప.

ఇంకో సంగతి విను. శోకం పెట్టినదాన్ని నేనే కదా, నాకే ఇప్పుడు అవ్వ వాకిలి వైపు చూస్తూ పడుకున్నట్టు కనబడుతుంది. మంచం ఉన్నది వెనక గదిలో. అక్కడి నుంచి వాకిలి కనబడదు, వంటింటి గోడ తప్ప. తెలిసి కూడా నాకు వాకిలే కనబడుతుంది.

ఇక బాపు సంగతి. ఇది చదివాక ఆ రోజంతా నేను పొయ్యి దగ్గరే కూర్చున్నాను, కూర మాడింది. నేను ఆలస్యంగా వచ్చానా? వారం ముందు నుంచీ నేను అక్కడే ఉన్నాను. ప్రాణం పోతున్నప్పుడు బాపు కాళ్లు నా ఒళ్లో ఉన్నాయి. నువ్వు సైకిల్ మీద డాక్టర్ కోసం పోయావు. తిరిగొచ్చి తలుపు కొడితే తీసిందెవరు? అవ్వ లేచే స్థితిలో లేదు. తీసింది నేను. ఇక డాక్టర్ వద్దని నీకు చెప్పింది నేను.

ఆ రోజు శోకం పెట్టింది అత్త. తండ్రి శోకంలో ఎదురుచూపు ఎప్పుడూ దూరమిచ్చిన బిడ్డది. మంచాల ఏమంత దూరం? అయినా ఆ చోటు ఖాళీగా ఉండకూడదు కదా, నన్ను కూర్చోబెట్టింది. నేను అక్కడే, ఆమె పక్కనే ఉండి విన్నాను. ముసలామె, పోనీలే అనుకున్నాను. ఆమె మాట ఊరు నమ్మితే నమ్మింది. నువ్వు కూడా నమ్మావని నీ ఉత్తరం వచ్చేదాకా తెలియదు.

కోపంతో రాయడం లేదు. కోపానికి బలం కావాలి.

సునంద


మంచిర్యాల,
2 మార్చి 2025

అక్కా,

వెంటనే రాయలేకపోయాను.

నీ ఉత్తరం చదివి మొదట నువ్వే మర్చిపోయావనుకున్నాను. ఎందుకంటే నేను కళ్లారా చూశాను. నువ్వు గల్లీ మొదట్లో ఆటో దిగావు. చెప్పులు చేతిలో పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చావు. కొంగు భుజం మీద లేదు. అంత స్పష్టంగా ఉంది, బొమ్మ గీయమంటే గీస్తాను.

రెండు రోజులు దాన్నే పట్టుకుని కూర్చున్నాను. ఫీడర్‌కు ఎల్.సి. ఇచ్చి, అంటే కరెంటు ఆపి, కింద లైన్‌మెన్ పని చేస్తుంటే ఎదురుచూస్తూ కూర్చుని ఉండగా గుర్తొచ్చింది. ఆ నెలంతా మురికినీళ్ల మోరీ కోసం మన గల్లీ తవ్విపెట్టారు. డాక్టర్ కోసం పోయేటప్పుడు సైకిల్‌ను మెయిన్ రోడ్డు దాకా భుజం మీద మోసుకుపోయాను. ఇక ఆటో ఎక్కడిది?

ఆ చెప్పులు అత్త శోకంలోవి. "చెప్పులు చేతవట్టి ఉరికొస్తివే బిడ్డా, బాపు లేసి కూసున్నడా అని అడిగితివే." నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. విన్నది చూసింది అయిపోయింది. తలుపు నువ్వు తీశావంటే, నాకు తలుపు గుర్తుంది, గడియ చప్పుడు గుర్తుంది. నీ మొహం రావడం లేదు. ఇన్నేళ్లు నిన్ను బాపు దగ్గర లేని బిడ్డగా చూశాను. నీకు కోపం రావాలి. బలం తెచ్చుకుని అయినా తిట్టు.

ఇప్పుడు నా భయం వేరు. నీ సంగతి అట్లా అయితే నా సంగతి ఏమిటి? కళ్లు మూసుకుంటే వాకిట్లో పడుకోబెట్టిన అవ్వే కనబడుతుంది, నేను గేటు దగ్గర ఉంటాను. ఆ ముందు రాత్రి ఏమీ రావడం లేదు. చాప వేసుకున్నాను అని రాశాను కదా, అది ఆ బుధవారమా, అంతకు ముందు నెల వచ్చినప్పటిదా? అవ్వ "పో బిడ్డా" అన్నది ఎప్పుడూ అనేదే. నేను నిజంగా వచ్చానని చెప్పడానికి నా దగ్గర నా మాట తప్ప ఏమీ లేదు. ఆ మాట మీద నాకే నమ్మకం సడలుతోంది.

ఒక పని చేసి పెట్టు. నేను రాలేను. ఎండలు ముదిరాయి, లోడ్ పెరిగింది, రిలీవర్ దొరకడు. అది సగం సాకే అని నీకు తెలుసు. పిండం బావతో పెట్టించు. అందరూ కూర్చున్నప్పుడు ఒక్క మాట చెప్పు, బుధవారం వాడు వచ్చాడని. నిజం చెప్పు, చాలు. మామ కోసం కాదు. భవిత అక్కడ ఉంటుంది. నా బిడ్డ నన్ను చూసే చూపు మారిపోయింది అక్కా. రేపు నేను మంచాన పడితే దానికి ఏ నాయన గుర్తుంటాడు?

దయాకర్


ఇబ్రహీంపట్నం,
19 మార్చి 2025

దయాకర్,

"నిజం చెప్పు, చాలు" అని రాశావు. ఇన్నాళ్లూ నేను అబద్ధం చెప్పుకుంటూ తిరిగినట్టు ఉంది ఆ మాట. అయినా చెప్పాను. ఏమయిందో విను.

పిండాలు అయ్యాయి. మీ బావ కూర్చున్నాడు, మోకాళ్లు మడవలేక పంతులుతో తిట్లు తిన్నాడు. ఆడవాళ్లం అవ్వ ఫోటో ముందు చేరాం. అనంతమ్మ అత్త అందుకుంది. ఆమెకు ఇప్పుడు పళ్లు లేవు గానీ వరుస ఎక్కడా తప్పలేదు. ఎదురుచూపు దగ్గరికి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"అత్తా, ఆగు. మా తమ్ముడు వచ్చిండు. బుధవారం వచ్చిండు. రాత్రంత అవ్వ కాడ్నే ఉన్నడు. తెల్లారి అవ్వనే తోలిచ్చింది" అన్నాను. నాకు వినబడదు కాబట్టి గట్టిగానే అని ఉంటాను. వాకిట్లో మగవాళ్లు కూడా ఇటు తిరిగారు.

అత్త కళ్లు తుడుచుకుంది. నా తల మీద చేయి పెట్టింది. "అవ్ బిడ్డా, వచ్చిండు, వచ్చిండు" అంది, చంటిపిల్లను ఊరడించినట్టు. మామ దగ్గరికి వచ్చి నా చెవిలో చెప్పాడు. "అక్కంటె గిట్లుండాలె. తమ్మున్ని ఒక్క మాట పడనియ్యవు."

అంతే. ఆడవాళ్లంతా కొత్తగా ఏడ్వడం మొదలుపెట్టారు, ఈసారి నా కోసం. యాట కూర వడ్డించే వేళకు అది బంతి చివరిదాకా పోయింది. తల్లిని చూడడానికి రాని తమ్ముణ్ణి పదిమందిలో కడుపులో పెట్టుకున్న అక్కను నేను. కాదు, నిజంగానే వచ్చాడని ఒక్కొక్కరి దగ్గరికీ పోయి చెప్పాను. ఎంత గట్టిగా చెబితే అంత మంచిదాన్ని అవుతున్నాను. నేను పోయాక నా శోకంలో పెట్టుకోవడానికి వాళ్లకు మంచి సంగతి దొరికింది. చివరికి నోరు మూసుకుని పెరుగు పోశాను.

భవిత నాతో పాటు గిన్నెలు తోమింది. నా చెవి దగ్గర నోరు పెట్టి, "అత్తా, మా డాడీ కోసం గంతమందిల అబద్ధం చెప్పినవ్. థాంక్స్" అంది.

నేనేం చేయను, చెప్పు. చేతులు నొప్పిగా ఉన్నాయి. ఇక రాయలేను.

సునంద


మంచిర్యాల,
28 మార్చి 2025

అక్కా,

భవిత ఫోన్ చేసింది. "నీ మీద కోపం లేదు డాడీ, ఎవరికైనా పనులుంటయ్" అంది. నన్ను క్షమించింది. చేయని తప్పుకు క్షమ దొరికితే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

ఒక్కటి అడుగుతాను, దాచకుండా చెప్పు. మామ అన్నట్టు, నువ్వు కూడా నన్ను కడుపులో పెట్టుకోవడానికే చెప్పావా? నా ఉత్తరం చూసి, వీడు కుమిలిపోతున్నాడని, నేను రాసిన మాటలే నాకు తిప్పి చెప్పావా? బుధవారం, రాత్రంతా ఉండడం, అవ్వ పంపడం, అన్నీ నేను నీకు రాసినవే. అంతకంటే నువ్వు ఒక్క ముక్క కూడా ఎక్కువ చెప్పలేదు.

రాలేదంటే రాలేదనే రాయి. అలసిపోయాను. ఏదో ఒకటి నమ్మి పడుకోవాలని ఉంది. అందరూ నమ్మేది నమ్మడం తేలిక. నేను కూడా వాళ్లతోనే ఉంటాను.

దయాకర్


ఇబ్రహీంపట్నం,
9 ఏప్రిల్ 2025

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి వారమయింది. ఎట్లా రాయాలో తెలియక బియ్యం డబ్బా మీద పెట్టి ఉంచాను. మొన్న ఆదివారం జరిగింది రాస్తాను.

పక్కింటి యాదమ్మ ఆదివారాలు నాకు కూరగాయలు కోయడానికి వస్తుంది. అవ్వకు చివరి స్నానం పోసింది ఆమె, నేను. భవిత కూడా కూర్చుని ఉల్లిగడ్డలు ఒలుస్తోంది. నేను ఎదురుగా ఉన్నాను, యాదమ్మ నోరు చూస్తే నాకు మాట తెలుస్తుంది. చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ భవితతో అంది. "మీ నాయిన రాలే గని, మనిషి మంచోడు బిడ్డా. మీ నాయనమ్మ కాళ్లగోర్లు ఎంత సాపుగ తీసిండు. తానం పోసేటప్పుడు జూసిన. మాకు తీసే పనే లేకుండె."

భవిత చేతిలో ఉల్లిగడ్డ ఆగింది. "రానోడు గోర్లెట్ల తీసిండు?" అంది.

యాదమ్మ ఒళ్లోని ఈనెలు దులుపుకుంది. "ఏమో బిడ్డా. తీసిండు మాత్రం" అని మళ్లీ చిక్కుడుకాయ అందుకుంది.

భవిత నా వైపు చూసింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు, గుర్తు రావడం కాదు, ఎక్కడికీ పోలేదు అది, ఎవరూ అడగలేదు అంతే. బుధవారం దీపాలు పెట్టాక నువ్వు అవ్వ కాళ్లు వేడినీళ్లలో నానబెట్టావు. గోర్లు కొమ్ముల్లా అయిపోయాయి, నానితే తప్ప తెగవని. అవ్వ ఒకటే గొణుగుడు, "దీపాలు వెట్టినంక గోర్లు తీస్తరార, అడ్డగాడిదా" అని. "రేపు నేనుండ గద అవ్వా" అన్నావు నువ్వు. నేను వంటింట్లోంచి వచ్చి చూస్తే అవ్వ కాళ్లు నా బియ్యం కడిగే గిన్నెలో ఉన్నాయి. రేపు కాలేజీ పిల్లలకు బియ్యం దాంట్లోనే కడగాలి. నీ మీద అరిచాను. నువ్వు కూడా అరిచావు, ఇంట్లో ఇన్ని గిన్నెలుండి ఒక్క టబ్బు లేదని. అవ్వ కాళ్లు తీయకుండా మనిద్దరి మొహాలు చూసి నవ్వుతోంది. నువ్వు గోరు ముక్కలన్నీ ఏరి కాగితంలో చుట్టి జేబులో వేసుకున్నావు, పొద్దున బయట పారేస్తానని. పారేశావో లేదో నాకు తెలియదు.

అవ్వ నవ్వగా నేను చివరిసారి చూసింది అదే. అది శోకంలో ఎక్కడ పెడతారు చెప్పు? కష్టంలో పట్టదు, ఎదురుచూపులో పట్టదు. ఎక్కడా పట్టదు కాబట్టి ఎవరికీ లేదు. నాకే ఇన్నాళ్లూ నోటికి రాలేదు.

ఇదంతా భవితకు చెప్పాను. అవ్వ అడ్డగాడిదా అన్న దగ్గర నవ్వింది, తర్వాత ముక్కు ఎగబీల్చింది. ఉల్లిగడ్డలని అంది. నన్ను ఇంకేమీ అడగలేదు. హాస్టల్‌కు పోయేటప్పుడు మాత్రం, "డాడీ గోర్లు గూడ తీస్తడని నాకు తెల్వదత్తా" అని పోయింది. నీకు ఫోన్ చేస్తే నువ్వేమీ వివరించకు. ఊరుకో.

నిన్ను కాపాడడానికి చెప్పానా అని అడిగావు. కాపాడాలనుకుంటే ఇంతకంటే మంచి మాట చెప్పేదాన్ని. నువ్వు అవ్వ నోట్లో నీళ్లు పోశావని చెప్పేదాన్ని. బియ్యం గిన్నెలో కాళ్లు కడిగావని ఎందుకు చెబుతాను?

మామకు, అత్తకు నువ్వు రానివాడివే. యాదమ్మకు కూడా. గోర్లు, నువ్వు రాకపోవడం, రెండూ ఆమె దగ్గర పక్కపక్కనే హాయిగా ఉన్నాయి. వాళ్లతో కొట్లాడే బలం నాకు లేదు, నీకూ వద్దు. రేపు నేను పోయినా, నువ్వు నా తల దగ్గరే కూర్చుని ఉన్నా, తమ్ముడు రాకపాయెనే అని ఏడుస్తారు. అది మన చేతుల్లో లేదు.

అందుకే కార్యాలకు రాకు. ఎవరూ చావని, ఎవరూ ఏడవని ఒక ఆదివారం చూసుకుని రా. భవిత ఉంటుంది. పిల్లలకు వండిన కూరే ఉంటుంది, నీ కోసం వేరే చేయను. తిని, బావతో కాసేపు కూర్చుని సాయంత్రం బస్సుకు పో. ఆ రోజు నువ్వు వచ్చినట్టు ఎవరూ చెప్పుకోరు. కాబట్టి దాన్ని ఎవరూ మార్చలేరు.

నీ అక్క,
సునంద